బాగ్దాదులో ఒక మాష్టారి టాక్సీ

బబులోను, నీనెవె, కల్దీయుల ఊరు అనే పేర్లు మనకు సండేస్కూలు రోజుల నుండి పరిచయమే. ఆ పట్టణాలన్నీ ఒకే దేశంలో, అంటే నేటి ఇరాకులో ఉన్నాయని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. ఆ దేశం పేరు మా ఇంట్లో గట్టిగా వినబడింది 1990 ఆగస్టు నెలలో. అది ప్రేమతో పలికిన పేరు కాదు.

మా అన్నయ్య నర్సాపురం దగ్గర మా ఊరి నుండి కువైటు వెళ్ళి తొమ్మిదేళ్ళు డ్రైవరుగా పని చేశాడు. 1990 ఆగస్టు 2వ తేదీన సద్దాం హుస్సేను సైన్యం కువైటులో ప్రవేశించింది. బ్యాంకులు మూతబడ్డాయి. అన్నయ్య దాచుకున్నదంతా అక్కడే పోయింది. బస్సులో బస్రా, బాగ్దాదుల మీదుగా జోర్డాను సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాలలో రోజులు లెక్కబెట్టి, చివరకు అమ్మాను నుండి ఎయిరిండియా విమానమెక్కి బొంబాయిలో దిగాడు. ఆ రోజులలో 59 దినములు వరుసగా 488 విమానాలు నడిపి లక్షకు మించిన భారతీయులను మన ప్రభుత్వం ఇంటికి చేర్చింది. అన్నయ్య మా గుమ్మంలోకి వచ్చినప్పుడు చేతిలో ఒక్క సంచి ఉంది. అందులో రెండు చొక్కాలు, ఒక టవలు, ఒక బైబిలు. అంతే.

ఇరాకు మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించిందన్న వార్త చదివి, "తగిన శాస్తి జరిగింది. ఆకలేస్తేగాని బుద్ధి రాదు" అన్నాడు అన్నయ్య. వదిన కూడా అదే అంది. నేనూ అదే అనుకున్నాను. అప్పట్లో నేను హైస్కూలులో సోషల్ టీచరుని. బాంబులు వేసి మనుషులను చంపడం కంటె సరుకులు ఆపి దుర్మార్గుని లొంగదీయడం మేలు కదా అని పిల్లలకు కూడా చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఈ రోజు నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

ప్రయాణం

2023 నవంబరులో మావారు, నేను, మరి పదిమంది కలిసి ఇరాకు వెళ్ళాము. బబులోను శిథిలాలు, నీనెవె గోడలు చూడాలన్నది మా ఆశ. బయలుదేరేముందు అన్నయ్యకు ఫోను చేస్తే, "చేతిలో డబ్బు పోసి మరీ ఆ దేశం చూడాలా?" అన్నాడు. ముప్పది మూడేళ్ళయినా ఆయన గొంతులో ఆ చేదు పోలేదు.

బాగ్దాదు విమానాశ్రయంలో మాకోసం రెండు వ్యానులు వచ్చాయి. మా వ్యాను నడిపే ఆయనకు డెబ్బయ్యేళ్ళు ఉంటాయి. నెరసిన మీసం, ఇస్త్రీ చేసిన చొక్కా. తోటి డ్రైవర్లందరూ ఆయనను "ఉస్తాద్" అని పిలుస్తున్నారు. ఆ మాటకు అర్థమేమిటని అడిగాను. "మాష్టారు అని. నేను ఇరవై ఏళ్ళు సెకండరీ స్కూలులో ఇంగ్లీషు చెప్పాను, సిస్టర్" అన్నాడు. నేనూ టీచరునే అని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. ఆ తరువాత మేము ఉన్నన్నాళ్ళూ నా సీటు ఆయన ప్రక్కనే.

"మాష్టారూ, టీచరు ఉద్యోగం వదలి డ్రైవరు ఎందుకయ్యారు?" అని అడిగాను. "నేను వదలలేదు. నా జీతం నన్ను వదిలేసింది" అన్నాడు.

జీతం ఎలా కరిగిపోయింది

ఇరాకు ఒకప్పుడు బీద దేశం కాదు. చమురు డబ్బుతో బడులు, ఆసుపత్రులు, నీటి శుద్ధి కేంద్రాలు కట్టుకున్న దేశం. ఆ దేశానికి వచ్చే విదేశీ మారకంలో నూటికి తొంభై వంతులకు పైగా చమురుదే. తినే తిండిలో సుమారు మూడింట రెండు వంతులు ఆ డబ్బుతోనే బయట నుండి కొనేవారు. 1990 ఆగస్టు 6న భద్రతా మండలి 661వ తీర్మానం చేసి ఇరాకుతో కొనడం, అమ్మడం రెండూ నిషేధించింది. మందులకు మినహాయింపు ఉంది. మానవతా పరిస్థితులలో ఆహారానికి కూడా ఉంది. కాని చమురు అమ్ముకోలేనివాడు మందు దేనితో కొంటాడు? తాళం తీసి ఉంచిన దుకాణంలోకి ఖాళీ జేబుతో వెళ్ళినట్లు.

ప్రభుత్వం నోట్లు అచ్చువేయడం మొదలుపెట్టింది. పూర్వం ఒక దినారు అధికారిక ధర మూడు డాలర్లకు పైమాటే. 1995 చివరికి బజారులో ఒక్క డాలరుకు మూడు వేల దినార్ల వరకు అయింది. "నా నెల జీతం ఒక ట్రే గుడ్లు. ముప్పయి గుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదే ఈ నెల సంపాదన అని నా భార్యతో అన్నాను. ఆమె నవ్వింది, తరువాత ఏడ్చింది" అని మాష్టారు చెప్పాడు. పగలు పాఠం, సాయంత్రం బావమరిది కారుతో టాక్సీ. కొన్నాళ్ళకు పగలు కూడా టాక్సీయే అయింది. కారు ఆపి ఎక్కినవారిలో తన పాత విద్యార్థులు ఉండేవారట. వాళ్ళు డబ్బు ఇవ్వబోతే తీసుకోవడానికి ఆయన చేయి వచ్చేది కాదట.

ఒక శుక్రవారం ఉదయం మమ్మును ముతనబ్బీ వీధికి తీసుకువెళ్ళాడు. టైగ్రీసు ఒడ్డున పుస్తకాల వీధి అది. మన బైబిలులో హిద్దెకెలు అని ఉన్న నది అదే. వీధి పొడుగునా నేల మీద పుస్తకాలు పరచి అమ్ముతున్నారు. 2007 మార్చి 5న కారుబాంబు ప్రేలి ఈ వీధి కాలిపోయింది. మరల కట్టారు. ఇప్పుడు కళకళలాడుతూ ఉంది. అయితే మాష్టారు ఆ కళను చూడడం లేదు, ఒక గోడ ప్రక్క నిలబడిపోయాడు.

"ఇక్కడ నేనూ కూర్చున్నాను. ప్రొఫెసర్లు, డాక్టర్లు, కవులు వరుసగా కూర్చునేవారు. ఎవరి ఇంటి పుస్తకాలు వారు అమ్ముకునేవారు. ముందుగా నవలలు పోయాయి. తరువాత వ్యాకరణాలు. చివరగా నా పెద్ద డిక్షనరీ. కొన్నవాడు దాన్ని తూకం వేశాడు" అన్నాడు.

తలుపులు ఊడదీసి అమ్ముకున్న ఇళ్ళు, పెళ్ళినాటి బంగారం అమ్ముకున్న తల్లులు, చక్కెర లేక ఖర్జూరపు పాకంతో టీ త్రాగిన పిల్లలు. ఆయన చెప్పుకుపోతుంటే మా బృందంలో ఒక్కరూ మాట్లాడలేదు.

రేషను కార్డు

ఆ సాయంత్రం వాళ్ళ పేటలో టీ కోసం ఆగాము. అక్కడ ఒక చిన్న దుకాణం ముందు సంచులతో జనం ఉన్నారు. మన ఊరి చౌకధరల దుకాణమే జ్ఞాపకం వచ్చింది. అక్కడి డీలరును "వకీల్" అంటారు. 1990 సెప్టెంబరులో మొదలైన ఆ రేషను నేటికీ సాగుతోంది. ఆంక్షల కాలంలో ధనికుడైనా బీదవాడైనా కార్డు ఉంటే చాలు. గోధుమపిండి, బియ్యం, చక్కెర, టీ పొడి, నూనె, సబ్బు, పసిపిల్లలకు పాలపొడి ఇచ్చేవారు. ఆ కార్డే లేకపోతే తొంభయ్యవ దశకంలో ఇరాకులో కరువు చావులు సంభవించి ఉండేవని అక్కడ పని చేసిన వారెందరో చెప్పారు.

కాని ఆ కార్డుకు రెండో ముఖం కూడా ఉంది. 1994లో సరుకు చాలక మనిషికి నెలకు 9 కిలోల పిండిని 6 కిలోలకు తగ్గించారు. అదే సంవత్సరం దొంగతనానికి చేయి నరికే శిక్షను చట్టంగా తెచ్చారు. ఆకలి పెంచినవాడే ఆకలిగొన్నవాని చేయి నరికించాడు. "కార్డు ఇచ్చేవాడు ఆయన. తీసివేయగలవాడూ ఆయనే. మా అబ్బాయి సైన్యం నుండి పారిపోతే మా ఇంట్లో పిండి ఆగిపోతుందన్న భయం ప్రతి ఇంట్లో ఉండేది. సిస్టర్, ఆంక్షలు ఆయనను బలహీనం చేస్తాయని మీరు అనుకున్నారు. కాని అంతకు ముందు మా రొట్టె మా జీతంలో ఉండేది. ఆంక్షల తరువాత మా రొట్టె ఆయన చేతిలోకి వెళ్ళింది" అన్నాడు మాష్టారు.

ఆ మాట దగ్గర నాకు కళ్ళు తెరచుకున్నట్లయింది. నా క్లాసులో పిల్లలకు నేను చెప్పిన పాఠంలో ఈ లెక్క లేదు.

ఇక్కడ న్యాయంగా మరొక సంగతి కూడా చెప్పాలి. భద్రతా మండలి 1991లోనే 706, 712 తీర్మానాల ద్వారా, పరిమితంగా చమురు అమ్మి ఆహారం, మందులు కొనుక్కోమన్నది. సద్దాం ప్రభుత్వం తన సార్వభౌమత్వానికి భంగమని నిరాకరించింది. 1995 ఏప్రిలులో 986వ తీర్మానం వచ్చినా, ఒప్పందం మీద సంతకం చేసింది 1996 మే నెలలో. ఆ డిసెంబరులో చమురు కదిలింది. మొదటి ఆహారపు ఓడలు 1997లో గాని రాలేదు. ఆ అయిదారేళ్ళలో ప్రజలు ఎండిపోతుంటే పాలకుని భవనాలు మాత్రం లేస్తూనే ఉన్నాయి. బాగ్దాదులో ఆయన కట్టించిన ఒక బ్రహ్మాండమైన మసీదును 2001 ఏప్రిలు 28న, ఆయన పుట్టినరోజున ప్రారంభించారు.

బబులోను ఇటుకలు

బాగ్దాదుకు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల దూరంలో బబులోను. 2019లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నెబుకద్నెజరు తన ఇటుకలమీద తన పేరు వేయించుకున్నాడు. సద్దాం ఆ పాత పునాదులమీద కొత్త గోడలు లేపించి, ఆ ఇటుకలమీద తన పేరు వేయించుకున్నాడు. ఆ రెండు పేర్లూ మేము కళ్ళారా చూచాము. ప్రక్కనే మట్టితో గుట్ట పోయించి దాని మీద ఆయన కట్టించుకున్న రాజభవనం ఉంది. కిటికీలు లేవు. గోడలమీద పిల్లలు పేర్లు గీసి పోయారు. ఇద్దరు రాజులూ పోయారు. యూఫ్రటీసు పాయ మాత్రం క్రింద నెమ్మదిగా పారుతోంది.

"ఈ భవనం కట్టిన కూలీలు అదృష్టవంతులు. వారికి కూలి ఉండేది" అన్నాడు మాష్టారు. ఆయన ఎగతాళి చేయడం లేదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

నీళ్ళు

తిరుగు దారిలో వ్యానులో మావారు ఊరకనే, "మీకు పిల్లలెందరు మాష్టారూ?" అని అడిగారు. "ఇద్దరు కూతుళ్ళు. ఒక కొడుకు ఉండేవాడు" అన్నాడు. కొంతసేపు రోడ్డు చూస్తూ నడిపి, తరువాత తానే చెప్పాడు.

1991 యుద్ధంలో విద్యుత్కేంద్రాలు దెబ్బతిన్నాయి. కరెంటు లేకపోతే మంచినీటి పంపులు తిరగవు, మురుగునీటి పంపులూ తిరగవు. యుద్ధం ముగిసిన మార్చి నెలలోనే ఐక్యరాజ్యసమితి తరఫున మార్టి అహ్తిసారి అనే ఫిన్లాండు దేశస్థుడు వచ్చి చూచి, ఆ దేశం యంత్రాలకు ముందటి యుగంలోకి నెట్టబడిందని నివేదిక ఇచ్చాడు. పంపుల విడిభాగాలు కావాలంటే ఆంక్షల కమిటీ అనుమతి కావాలి. నీటిలో కలిపే క్లోరినుతో విషవాయువు చేయవచ్చు గనుక దానిమీద నిఘా. సైన్యానికీ పౌరులకూ రెండింటికీ పనికివచ్చే వస్తువు అని పేరు పెట్టి ఏ సభ్యదేశమైనా ఒక కాంట్రాక్టును నిలిపివేయవచ్చు. 2002 నాటికి అలా నిలిచిపోయిన కాంట్రాక్టుల విలువ 500 కోట్ల డాలర్లకు పైమాట.

1995 వేసవిలో మాష్టారి కొడుకుకు తొమ్మిది నెలలు. విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో మంచానికి ఇద్దరేసి పిల్లలు. డాక్టరు మంచివాడేగాని సెలైను సీసాలేదు, సూది లేదు. బజారులో దొరుకుతుంది తెచ్చుకోమన్నాడు. డిక్షనరీ అమ్మింది ఆ ఉదయమే. తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది.

"బజారులో నేను కొన్న సీసా మీద ప్రభుత్వ ఆసుపత్రి ముద్ర ఉంది" అన్నాడు మాష్టారు. "ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నా బిడ్డను చంపిందెవరు? కువైటుకు సైన్యాన్ని పంపినవాడా? కరెంటు ప్లాంటు మీద బాంబు వేసినవాడా? న్యూయార్కులో కూర్చుని క్లోరిను కాగితం ప్రక్కన పెట్టినవాడా? ఆసుపత్రి మందు బజారులో అమ్ముకున్నవాడా? ప్రతివాడూ ప్రక్కవాని వైపు వేలు చూపుతాడు."

వ్యానులో ఎవరి దగ్గరా జవాబు లేదు.

లెక్కలు, శవపేటికలు

ఇరాకు ఆంక్షల వలన అయిదు లక్షలమంది పిల్లలు చనిపోయారని మనలో చాలామంది చదివి ఉంటారు. 1996లో అమెరికా రాయబారి మెడలిన్ ఆల్‌బ్రైట్‌ను టెలివిజనులో ఆ సంఖ్య చెప్పి అడిగితే, అంత మూల్యం చెల్లించడం సమంజసమేనని ఆమె జవాబిచ్చింది. ఆ మాటకు తరువాత ఆమె చింతిస్తున్నట్లు తన పుస్తకంలో వ్రాసుకుంది. 1999లో యునిసెఫ్ ప్రకటించిన సర్వే కూడా దక్షిణ, మధ్య ఇరాకులో అయిదేళ్ళలోపు పిల్లల మరణాలు రెట్టింపుకు మించాయని చెప్పింది.

అయితే 2003 తరువాత సద్దాం ప్రభుత్వం పోయాక జరిగిన సర్వేలలో అంతటి పెరుగుదల కనబడలేదు. పాత సర్వేను ఆనాటి ప్రభుత్వం తారుమారు చేసిందని 2017లో పరిశోధకులు ఒక వైద్య పత్రికలో వ్రాశారు. కాబట్టి ఆ అయిదు లక్షల సంఖ్యను నిజమని మనం ఇక చెప్పకూడదు.

ఈ సంగతి మాష్టారితో చెప్పడానికి సందేహించాను. కాని ఆయనే ఎత్తాడు. "ఆ రోజుల్లో పార్టీవాళ్ళు చిన్న శవపేటికలను టాక్సీలపై కట్టి ఊరేగించేవారు, విదేశీ కెమెరాల కోసం. ఒకరోజు నా టాక్సీని కూడా ఆపి ఒక పెట్టె కట్టారు. కాదనే ధైర్యం ఎవరికుంది? అందులో బిడ్డ ఉన్నదో, ఖాళీయో నాకు తెలియదు. నేను ఊరంతా నడిపాను. అప్పటికి నా కొడుకు పోయి రెండేళ్ళు. వాడిని మాత్రం మేము ఎవరికీ తెలియకుండా తెల్లవారుజామున పాతిపెట్టుకున్నాము. వాడు ఊరేగింపులో లేడు, సిస్టర్. వాళ్ళ లెక్కలో ఉన్నాడో లేదో కూడా తెలియదు. అయిదు లక్షలు అబద్ధమైతే మంచిదే, దేవునికి స్తోత్రం. అంతమంది తల్లులు ఏడవలేదన్నమాట. కాని మా ఇంటి లెక్క ఒకటి. అది తగ్గదు."

ఆ అబద్ధం ఎంత హాని చేసిందో నాకు అప్పుడు అర్థమైంది. నిజంగా పోయిన బిడ్డలను పాలకుడు తన ప్రచారానికి వాడుకున్నాడు. ఆ ప్రచారాన్ని బయటపెట్టినవారు, నిజంగా పోయిన బిడ్డలను కూడా మరచిపోవడానికి వీలు దొరికింది.

ఈ మధ్యలో మనస్సాక్షిగల మనుష్యులు లేకపోలేదు. ఇరాకులో ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమానికి అధిపతిగా ఉన్న డెనిస్ హాలిడే 1998లో, ఆయన తరువాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, తాము నడిపే పద్ధతి అమాయకులను శిక్షిస్తోందని చెప్పి ఉద్యోగాలు వదులుకున్నారు. ఇక పాలకుని సంగతి చూడండి. చమురుకు బదులు ఆహారం అనే ఆ పథకంలోనే ఆయన ప్రభుత్వం లంచాలు, అదనపు రుసుముల రూపంలో సుమారు 180 కోట్ల డాలర్లు రాబట్టుకున్నదని 2005లో వోల్కర్ కమిటీ తేల్చింది. దొంగచాటుగా చమురు అమ్మినది దీనికి ఎన్నో రెట్లు. ఆంక్షలు గొళ్ళెం వేసిన తలుపు బీదవానికే. పాలకునికి దొడ్డిదారి ఎప్పుడూ తెరచే ఉంది.

నీనెవె ఎదుట

చివరి రెండు రోజులు మోసుల్‌లో ఉన్నాము. బాగ్దాదు నుండి ఉత్తరంగా సుమారు 400 కిలోమీటర్లు. దారి పొడుగునా సైనికుల తనిఖీలు. టైగ్రీసుకు పడమట పాత పట్టణం, తూర్పున నీనెవె గోడలు. 2014 జూనులో ఐసిస్ ముష్కరులు ఈ పట్టణాన్ని పట్టుకున్నారు. క్రైస్తవులందరూ కట్టుబట్టలతో పారిపోయారు. 1987లో ఆ దేశంలో సుమారు పద్నాలుగు లక్షలమంది క్రైస్తవులుండేవారు. ఇప్పుడు అందులో చిన్న భాగమే మిగిలింది. ఆ వలస ఐసిస్‌తో మొదలు కాలేదు. ఆంక్షల కాలంలోనే చదువుకున్న కుటుంబాలెన్నో ఇల్లూ వాకిలీ అమ్ముకుని అమ్మాను దారి పట్టాయి. వారిలో ముస్లిములూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. మేము వెళ్ళినప్పుడు గడియారపు గుడి అని పిలిచే పాత దేవాలయాన్ని యునెస్కో వారు తిరిగి కట్టిస్తున్నారు. ఆ పనిలో ముస్లిము యువకులు రాళ్ళు చెక్కుతున్నారు.

యోనా సమాధి అని తరతరాలుగా చెప్పుకునే స్థలం ఒక గుట్టమీద ఉంది. అక్కడి మసీదును 2014 జూలై 24న ఐసిస్ వారు పేల్చివేశారు. ఆ గుట్ట దగ్గర నిలబడి నీనెవె గోడల వైపు చూస్తుంటే మా అన్నయ్య గుర్తుకు వచ్చాడు. యోనాకు కోపం వచ్చింది ఎందుకు? నీనెవెవారు క్రూరులు గనుక, వారికి శిక్ష పడలేదు గనుక. ఆ కోపం అన్యాయమైనది కాదు. కాని ఆ గ్రంథం యోనా కోపంతో ముగియదు. కుడియెడమలు ఎరుగని లక్షా ఇరవైవేల మంది ఆ పట్టణంలో ఉన్నారని, పశువులు కూడా ఉన్నాయని దేవుడు గుర్తుచేయడంతో ముగుస్తుంది. రాజు పాపం లెక్కించేటప్పుడు ఉయ్యాలలోని బిడ్డను కూడా లెక్కించమని దాని సారాంశం. నేను ఎన్నోసార్లు చదివాను. మాష్టారి ప్రక్కన కూర్చుని ప్రయాణం చేసిన తరువాత గాని అది నాకు తగలలేదు.

మరి దుర్మార్గులను ఏమీ చేయవద్దా అని మీరు అడగవచ్చు. నేనూ మాష్టారిని అడిగాను. ఆయన వెంటనే, "నేను ఆయన పక్షం కాదు. ఆయన పడిపోయిన రోజున నేను సంతోషించాను. ఆయుధాలు అమ్మవద్దనండి, సరే. ఆయన బ్యాంకు ఖాతా మూయండి, సరే. ఆయన కొడుకుల విమానం ఆపండి, సరే. మా నీళ్ళలో క్లోరిను ఎందుకు ఆపారు?" అన్నాడు. ఆంక్షల వల్లనే ఆ పాలకుడు తిరిగి ఆయుధాలు కూడబెట్టుకోలేకపోయాడని వాదించేవారున్నారు. అందులో కొంత నిజముంది. 2003 యుద్ధం తరువాత వెదికితే ఆ భయంకరమైన ఆయుధాల నిల్వలు దొరకలేదు. అయితే ఆ పని చేయడానికి బిడ్డలకు నీరు ఆపవలసిన అవసరం లేదన్నదే మాష్టారి ప్రశ్న.

లోకం కూడా కొంత నేర్చుకుంది. 2003 మే 22న ఇరాకు మీద వాణిజ్య ఆంక్షలు ఎత్తివేశారు. దేశం మొత్తానికి తలుపు మూసే పద్ధతిని ఐక్యరాజ్యసమితి తరువాత మానుకుని, ఎక్కువగా పాలకుల ఆస్తులు, ప్రయాణాలు, ఆయుధాల మీద ఆంక్షలు పెట్టసాగింది. 2022 డిసెంబరులో భద్రతా మండలి 2664వ తీర్మానం చేసి, సమితి విధించిన ఆస్తుల స్తంభన ఏదైనా సరే, మానవతా సహాయానికి అడ్డు రాకూడదన్నది. 14 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. ఆ సహాయాన్ని ఉగ్రవాదులు దారి మళ్ళిస్తారేమోనన్న ఆందోళనతో మన దేశం ఓటు వేయకుండా ఊరుకుంది. ఆ ఆందోళన కూడా కొట్టివేయదగినది కాదు. అయినా కొన్ని బలమైన దేశాలు సొంతంగా విధించే ఆంక్షలు నేటికీ విస్తారంగానే ఉన్నాయి. బ్యాంకులు భయపడి మందుల డబ్బు కూడా పంపవు. కనుక మాష్టారి ప్రశ్న పాతబడలేదు.

ఇంటికి

విమానాశ్రయంలో మాష్టారికి నా దగ్గరున్న చిన్న ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చాను. ఎన్నో ఏళ్ళు బడికి తీసుకువెళ్ళినది, అట్ట ఊడిపోయింది. ఆయన మొదటి పేజీ తెరచి నా చేతి వ్రాత చూచి, మూసి, రెండు చేతులతో పట్టుకున్నాడు. "దీన్ని తూకానికి వేయను సిస్టర్" అన్నాడు.

ఊరు చేరాక అన్నయ్య దగ్గరకు వెళ్ళాను. ఇదంతా చెప్పాను. బిడ్డ సంగతి చెప్పినప్పుడు వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

"నేను మీకెవరికీ ఒకటి చెప్పలేదమ్మా. మేము బస్సులో వస్తున్నప్పుడు బాగ్దాదు దాటాక ఒక ఊరి దగ్గర బస్సు చెడిపోయింది. రెండు రోజులయింది తిని. ఒక ముసలామె ఇంట్లో నుండి వచ్చి, నల్లముసుగులోంచి రొట్టెలు తీసి కిటికీలోంచి ఇచ్చింది. టమాటాలు కూడా. అప్పటికే వాళ్ళకు సరుకులు బందయ్యాయి. డబ్బు ఇవ్వబోతే వద్దంది. ఆమె చేతులు నాకు ఇప్పటికీ కనబడతాయి. ఇంటికొచ్చాక పోయిన డబ్బు గురించే చెప్పాను గాని, ఆమె గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కోపం తగ్గిపోతుందేమోనని."

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అన్నయ్యే ప్రార్థన చేశాడు. కువైటులో పోయినదాని గురించి ఎత్తలేదు. పేరు తెలియని ఆ ముసలామె కోసం, ఆమె మనుమలు ఉంటే వారి కోసం, మా మాష్టారి కోసం ప్రార్థించాడు. ముప్పది మూడేళ్ళలో ఇరాకు పేరు మా ఇంట్లో అలా పలకడం అదే మొదటిసారి.